మోరిపాలైన తరుగు

మొన్న పొద్దున పాల ప్యాకెట్ కోసం కిందికి దిగితే, మా అపార్ట్‌మెంట్ గేటు ముందు మోరీ శుభ్రం చేసే బండి ఆగి ఉంది. లావాటి గొట్టం లోపలికి దించి, బురదంతా పైకి లాగి, రోడ్డు పక్కన నల్లగా కుప్ప పోశారు. అందరూ ముక్కు మూసుకుని ఆ కుప్పను తప్పించుకుని పోతున్నారు. నేను మాత్రం పాల ప్యాకెట్ చంకలో పెట్టుకుని దాని దగ్గరికి పోయి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, వంగి అందులోకి చూస్తూ నిలబడ్డాను. ఎండకు ఎక్కడన్నా తళుక్కుమంటుందేమోనని. వాచ్‌మన్ భార్య పరుగెత్తుకొచ్చి, "ఏం వడ్డదమ్మా? కమ్మనా?" అని అడిగింది. "ఏం పడలే, ఊకెనే చూస్తున్న" అన్నాను. నమ్మితేగా! సాయంత్రానికల్లా మూడో అంతస్తు పెద్దమ్మ బంగారు కమ్మ మోరీలో పడిందని బిల్డింగంతా తెలిసిపోయింది. ఇద్దరు ముగ్గురు ఇంటికొచ్చి పరామర్శించి, చాయ్ తాగి మరీ పోయారు. వాళ్ళకు ఏమని చెప్పను? మోరి బురద కనిపిస్తే వంగి చూడటం నాకు పాత అలవాటు. ఆ అలవాటు చేసినాయన పోయి ముప్పై ఏళ్ళు దాటింది.

అప్పట్లో మేము కరీంనగర్‌లో పాత బజారు వెనక ఒక గల్లీలో ఉండేవాళ్ళం. మా ఆయన బడిపంతులు. పెళ్ళయిన మూడో ఏడు, డెబ్బై ఆరులో, నేను పురుటికి మెట్‌పల్లిలో పుట్టింట్లో, మా అవ్వ దగ్గర ఉండగా ఆయనొక్కడే వచ్చి ఇల్లు చూసి ఖాయం చేశాడు. 'ఇంటి ముందర చిన్న కాలువ కూడ ఉన్నది' అని నాకు ఉత్తరం రాశాడు. కాలువంట! ఐదు నెలల పసిపిల్లను ఎత్తుకుని రిక్షా దిగి చూద్దును కదా, గల్లీ నడిమధ్య నుంచి మోరి, మోరిలో పంది, పంది చుట్టూ ఏడెనిమిది పిల్లలు. "గిదేనా మీ కాలువ?" అని నేను అడిగిన మాటకు ఆయన ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు. నేనూ అడగడం మానలేదు.

ఆ మోరి ఎవరికీ పట్టనిది కావడానికి ఒక కారణం ఉంది. గల్లీకి కుడి చేతి ఇండ్లు ఒక వార్డు, ఎడమ చేతి ఇండ్లు ఇంకో వార్డు. రెండు వార్డుల గీత సరిగ్గా మోరి మీదుగా పోయింది. కుడివైపు ఊడ్చే ఆయన్ను అడిగితే "గది ఆళ్ళది" అనేవాడు. ఎడమవైపు ఆమెను అడిగితే "గది ఈళ్ళది" అనేది. ఇద్దరూ తమ తమ వైపు శుభ్రంగా ఊడ్చి, ఆ చెత్త మోరిలోకే నెట్టేవాళ్ళు. మూల మీద దీపం స్తంభం ఉండేది కానీ బల్బు ఉండేది కాదు. ఆ చిప్పలో పిచ్చుకలు కాపురం పెట్టాయి. గల్లీ తల దగ్గర ఎత్తు, పోను పోను పల్లం. మా ఇల్లు చిట్టచివర, అందరికంటే పల్లంలో. మా ఇంటి పక్కనే మోరి ఒక తూములో దూరి పెద్ద నాలాలో కలిసేది. అంటే గల్లీలో ఎవరు అంట్లు తోమినా, ఎవరు బియ్యం కడిగినా, ఆ నీళ్ళు మా గడప పలకరించి పోవాల్సిందే.

మా ఎదురింట్లో ఒక పాత పట్వారీ ఉండేవాడు. కొలువు నుంచి దిగిపోయి చాలా ఏళ్ళయినా చేతిలోంచి కలం దిగలేదు. ఆయన్ని అర్జీల సారు అనేవాళ్ళు. ప్రతి సోమవారం మోరి మీద ఒక అర్జీ రాసేవాడు, కార్బన్ కాగితం పెట్టి రెండు ప్రతులు. పోస్టు చేసే ముందు అరుగు మీద నిలబడి గల్లీకంతా చదివి వినిపించేవాడు. ఆయన 'మహారాజశ్రీ' అని ఎత్తుకుంటే, పక్కింటి ఖాలా మేక కూడా నెమరు ఆపి వినేది. ఖాలా బట్టలు కుట్టేది. కుట్టగా మిగిలిన పీలికలతో తన మేకకు అంగీలు కుట్టి తొడిగేది, రంజానుకు ఒకటి, దసరాకు ఒకటి. పువ్వుల అంగీ తొడుక్కున్న మేక గల్లీలో తిరుగుతుంటే, మెట్‌పల్లి సాలోల్ల పిల్లను, మా బాపు నేసిన గుడ్డలు తప్ప ఎరగనిదాన్ని, నోరు తెరుచుకుని చూసేదాన్ని. మా ఇంట్లో నాకంటే ఆ మేకకే ఎక్కువ రకాల బట్టలున్నాయని ఒకసారి మా ఆయనతో అన్నాను కూడా.

ఇక గల్లీ తల దగ్గర, ఎత్తు మీద ఉండేది అవుసుల మామ. అప్పటికే ఆయనకు అరవై దాటి ఉంటాయి. బక్కపలుచని మనిషి, అద్దాల కాడకు దారం చుట్టి ఉండేది. వెండి తీగ పనిలో ఆయన్ని మించినవాళ్ళు మా జిల్లాలో లేరని ఆయన అనలేదు, మిగతా పనివాళ్ళే అనేవాళ్ళు. వెండిని చిల్లుల పలకలోంచి లాగి, ఇంకా చిన్న చిల్లులోంచి లాగి, తల వెంట్రుకంత సన్నం చేసేవాడు. రెండు తీగలు కలిపి మెలేసి, వేలి గోటితో వంచి, ఆకులు, పూలు, నెమళ్ళు చేసేవాడు. వాటిని పక్కపక్కన పేర్చి, కుంపటి ముందు కూర్చుని ఊదుగొట్టంతో మంటను ఊదితే, ఎక్కడివక్కడ అతుక్కుపోయి పన్నీరు బుడ్డో, కుంకుమ భరిణెనో అయ్యేది. ఆ పని చూస్తుంటే ఊపిరి తీసుకోవాలన్నా భయమే. "బిడ్డా, తుమ్మొస్తె జర బయటికి వోయి తుమ్ము. నెమలి లేశిపోతది" అనేవాడు. నవ్వడు. నిజంగానే చెప్పేవాడు.

అవుసుల పనిలో తరుగు అని ఒక మాట ఉంది. వెండిని కరిగించినప్పుడు, సాగదీసినప్పుడు, ఆకురాయితో రాసినప్పుడు కొంత పొడి అయిపోతుంది. ఆ పోయేదాని కోసమని వస్తువు చేయించుకునేవాళ్ళ దగ్గర కాస్త ఎక్కువ వెండి ముందే తీసుకుంటారు. అదే తరుగు. నిజానికి ఆ పొడి ఎక్కడికీ పోదు. పనివాడు ఒడిలో పరుచుకున్న గుడ్డలోనే పడుతుంది. దాన్ని రజను అంటారు. జాగ్రత్త గలవాళ్ళు ఆ రజనును ఏడాది పొడుగునా కుండలో కూడబెట్టి, దసరా ముందు కరిగించుకుంటారు. అందులో తప్పేం లేదు, అందరూ చేసేదే. మా అవుసుల మామ ఒక్కడే కూడబెట్టేవాడు కాదు. పొద్దుగూకే వేళకు పని ఆపి, ఒడిలోని గుడ్డను నాలుగు కొసలూ పట్టుకుని లేచి, మోరి వెంట నడిచేవాడు. అక్కడక్కడ ఆగి, గుడ్డను మోరి మీద పట్టుకుని రెండుసార్లు దులిపేవాడు. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ దులుపు. అట్లా చివరి ఇంటిదాకా వచ్చి, ఖాళీ గుడ్డను భుజాన వేసుకుని తిరిగి పోయేవాడు.

ఆయన గడప దాటడం ఆలస్యం, వెనకనుంచి అత్త అందుకునేది. అత్త అంటే ఆయన భార్య. లావుపాటి మనిషి, రెండు కాళ్ళకూ బొటనవేలంత లావు వెండి కడియాలు. గొంతు విప్పితే పెద్దపల్లి రైలుకు వినిపించేది. "నీ చేతులిరగ! ఎండిని మోరి పాలు జేస్తున్నవ్! మందేమో రజను గూడవెట్టి పెట్టెలు నింపుకోవట్టిరి, నీకేమో ఒంట్లె సోయి లేకపాయె!" అని రోజూ అవే తిట్లు, అదే వరుసలో. కొత్తవాళ్ళకు భయమేసేది గానీ పాతవాళ్ళు ఆ తిట్లు విని వంటకు బియ్యం కడుక్కునేవాళ్ళు. ముసలాయనకు చాదస్తమని గల్లీ గల్లీ అంతా ఖాయం చేసుకుంది. ఆయన నవ్వుకుంటూ పోయేవాడు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. వచ్చిన కొత్తలో నాకు కనిపించింది ఒక్కటే. దీపాలు పెట్టే వేళకు ఎవరో ముసలాయన మా ఇంటి ముందరికొచ్చి దుమ్ము గుడ్డ దులిపి పోతున్నాడు. అది కూడా అందరిళ్ళ ముందు రెండుసార్లు దులిపితే మా ఇంటి ముందు నాలుగుసార్లు! దీపం వేళ ఇల్లు ఊడవకూడదు, గుడ్డ దులపకూడదు, లక్ష్మి లేచిపోతుందని మా అవ్వ నన్ను చెంపలు వాయించి నేర్పింది. పైగా చంటిపిల్ల ఉన్న ఇల్లు. నా పిల్లేమో సరిగ్గా ఆ వేళకే గుక్కపట్టి ఏడ్చేది. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు పిల్లను చంకనేసుకుని, కొంగు దోపుకుని, గడప మీద కాచుకుని నిలబడ్డాను.

"ఏంది మామా గిది? మీ దుమ్ము మీ ఇంటి ముందర దులుపుకోరాదా? పసిపిల్ల ఉన్న ఇల్లు, దీపాలు వెట్టే యాళ్ల, మా మీద దులుపుడేంది?" అన్నాను.

"దుమ్ము గాదు బిడ్డా..." అన్నాడాయన.

"దుమ్ము గాకపోతె మంత్రించిన బూడిదనా?"

అబ్బో, ఏం నోరు నాది! ఖాలా మిషన్ ఆగిపోయింది. అర్జీల సారు అరుగు మీద లేచి నిలబడ్డాడు. మామ నన్ను చూశాడు, నా చంకలో పిల్లను చూశాడు. "సరే బిడ్డా. నీ గడప, నీ ఇష్టం" అని గుడ్డ మడుచుకుని వెనక్కి తిరిగిపోయాడు. ఎప్పుడూ గల్లీ ఎగిరిపోయేలా అరిచే అత్త ఆ పూట కిక్కురుమనలేదు. నాకదీ తట్టలేదు. గెలిచాననుకుని లోపలికి పోయి దీపం పెట్టాను. ఆ రోజు పిల్ల ఏడవలేదు కూడా. ఇంకేం కావాలి నాకు? చూశారా, నేను చెప్పలేదా అని మా ఆయన ముందు తెగ నీలిగాను. ఆయన మాత్రం "పెద్దమనిషిని గట్లనొద్దుండె" అన్నాడు.

నెలకోసారి మట్టి కడిగేటోళ్ళు వచ్చేవాళ్ళు, ఆలుమగలిద్దరు. ఆదిలాబాద్ దిక్కు వాళ్ళు, తెలుగులో మరాఠీ కలిపి మాట్లాడేవాళ్ళు. అవుసులోళ్ళు ఉండే గల్లీల్లో మోరి బురద ఎత్తి, ఇనప గంపల్లో కడిగి, అడుగున మిగిలిన వెండి పొడి ఏరుకుని బతికేవాళ్ళు. మోరి ఎత్తేది వాళ్ళేనని గల్లీకంతా కనబడుతూనే ఉంది. కానీ అర్జీల సారు లెక్క వేరు. తన అర్జీ చూసి పైవాళ్ళు ఈ పని వీళ్ళకు కాంట్రాక్టు ఇచ్చారని ఆయన నమ్మకం. "చూసిండ్రా నా కలం బలం!" అనేవాడు. అంతటితో ఊరుకున్నాడా? మోరి ఎత్తించినందుకు ధన్యవాదాలు అని కూడా ఒక ఉత్తరం రాసి పంపాడు, కార్బన్ పెట్టి. ఆ ఉత్తరం అందాక ఇక ఆ మోరి వైపు చూడాల్సిన పని ఎవరికుంటుంది?

నేను కొట్లాడిన తర్వాత వాళ్ళు రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ మామ ఇంటి నుంచి ఖాలా ఇంటిదాకా నున్నగా ఎత్తి, మా ఇంటికి పది అడుగుల దూరంలో ఆపేసి వెళ్ళిపోయారు. పని దొంగలు అనుకున్నాను. మా తూము దగ్గర బురద పేరుకుంటూ పోయింది. ఆషాఢం వచ్చింది. ముసురు పట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం, మా ఆయన బడికి పోయాడు, పిల్ల తొట్టెలలో నిద్రపోతోంది, నేను వంటింట్లో జొన్నరొట్టె చేస్తున్నాను. కాళ్ళ కింద చల్లగా తగిలింది. చూస్తే నల్లటి నీళ్ళు. వెనక్కి తిరిగేసరికి చెంబు తేలుతూ నా దగ్గరికి వస్తోంది. ముందింట్లోకి ఉరికితే గడప కనబడటం లేదు. మోరి మోరంతా ఇంట్లోకి తిరిగింది. నీళ్ళు మోకాళ్ళకొచ్చి, వేలాడే తొట్టెల అడుగు తడిసిపోయింది, పిల్ల వీపు తడిసి కెవ్వుమంది. ఎత్తుకున్న తొందరలో జారి పడ్డాను, పిల్లతో సహా. ఆ నీళ్ళు దాని నోట్లోకి పోయాయి. దాన్ని పైకెత్తి పట్టుకుని పెట్టె మీదికెక్కి, ఎవరన్నా రండి అని అరిచాను. నా గొంతు నాకే వినబడలేదు, వాన అంత చప్పుడు.

ముందు ఖాలా వచ్చింది, చీర పైకి దోపుకుని. "ఇటీయ్ బేటీ, నాకీయ్!" అని పిల్లను లాక్కుని పోయింది. ఆమె వెనక అవుసుల మామ. చేతిలో ఇనప కడ్డీ. వచ్చీరాగానే తూము దగ్గర మోరిలోకి దిగాడు, నడుముదాకా. కడ్డీతో పొడిచాడు, పోలేదు. కడ్డీ పక్కన పడేసి, వంగి, చేతులు భుజాలదాకా లోపలికి పెట్టి, బురద తోడి తోడి గట్టుకు వేశాడు. వెంట్రుకంత తీగను చెదరకుండా వంచే చేతులవి. గుడ్డపేలికలు, కొబ్బరి పీచు, పాత చీపురు, ఆఖరికి ఖాలా మేక పోగొట్టుకున్న పువ్వుల అంగీ కూడా అందులోంచే వచ్చింది. గంటసేపటికి తూము గుడగుడమని ఊపిరి తీసుకుంది. నీళ్ళు దిగిపోయాయి. ఆయన చలికి వణుకుతూ నిలబడి, "పొయ్యి ముట్టియ్యి బిడ్డా, పిల్లకు కాపడం వెట్టు" అని మాత్రం అని పోయాడు. నేను బూడిద అన్న మాట ఆయన నోట రాలేదు.

రెండో రోజు పిల్లకు వాంతులు, విరేచనాలు. పది రోజులు దవాఖానాలో ఉన్నాం. కండ్లు లోపలికి పోయి, ఏడవడానికి కూడా శక్తి లేక అది నా ఒళ్ళో పడి ఉంటే, నేను మొక్కని దేవుడు లేడు. వేములవాడ రాజన్నకు కోడెను కట్టిస్తానన్నాను, దర్గాలో చాదర్ కప్పిస్తానని ఖాలాతో చెప్పించాను. అత్త రోజూ గంజి కాచి పట్టుకొచ్చేది, తిట్లు లేకుండా. తొమ్మిదో రోజు పిల్ల పాలకు వెతుక్కుంది. నేను దవాఖానా వరండాలో కూర్చుని, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు మట్టి కడిగేటోళ్ళు వచ్చారు. మళ్ళీ ఖాలా ఇంటి ముందే ఆపేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎదురుపోయి అడిగాను, "మా ఇంటికాడికొచ్చేసరికి మీ చేతులు పడిపోయినయా? నా పిల్ల సచ్చి బతికింది, తెలుసా?" అని. ఆమెకు కోపం రాలేదు. గంప దించి, నడుము నిమురుకుంటూ, "ఈడ కాయ్ నై బాయీ, ఏం లేదు. ముందుగాల మస్తు దొరుకుతుండె మీ కాడ. గిప్పుడు ఉత్త బురద. మేం దాన్ని ఏం జేసుకుంటం?" అంది.

"ముందుగాల ఎట్లుండె?"

ఆమె నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, కడిగిన గంప వంచి చూపించింది. అడుగున, నల్లటి ఇసుక నడుమ, సన్నటి తెల్ల గీత మెరుస్తోంది. "ముసలాయన జల్లుతడు గద బాయీ, మోరి పొడుగున. ఎండి బరువుగుంటది, నీళ్ళల్ల ఎంతో దూరం రాదు. గందుకే నడుచుకుంట జల్లుతడు. మీ కాడ పల్లం గద, గీడ జర ఎక్కువ జల్లుతుండె."

నాలుగుసార్లు దులుపు ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. అక్కడే మోరి గట్టున కూలబడ్డాను. మోరి ఎత్తేవాళ్ళు ఎవరూ లేని గల్లీకి, ఎత్తడానికి మనుషులు రావాలని, వాళ్ళు మధ్యలో ఆగిపోకుండా చివరి ఇంటిదాకా రావాలని, ఆ మనిషి రోజూ తన కష్టం అంచెలంచెలుగా చల్లుకుంటూ వచ్చాడు. నేనేమో మా గడప ముందు వద్దన్నాను, నా నోటితో నేనే నా పిల్ల ఉన్న ఇంటిని ముంచుకున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

మొహం కడుక్కుని ఆయన దగ్గరికి పోయాను. ఏదో నెమలి తోక పేరుస్తున్నాడు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, "మామా, పొద్దుమీకంగ మా దిక్కు వస్తలేవేంది?" అన్నాను.

"నువ్వే వద్దంటివి గద బిడ్డా" అన్నాడు తలెత్తకుండా.

"నాకేమెరుక మామా! ఒక్క మాట చెప్తె ఏం వోయేది? గల్లీ అంతా నిన్ను పిచ్చోడంటుంది, నువ్వు నవ్వుకుంట వోతున్నవ్."

ఆయన శ్రద్ధగా తోకలో ఇంకో తీగ పెట్టి, అప్పుడు అద్దాలు తీశాడు. "తరుగని చెప్పి తీసుకుంటి. తరుగంటె పోవాలె గద. నా కుండల వడితె అది వోయినట్టెట్లయితది, నాకు వచ్చినట్టయితది. ఎట్లన్న పోయేదే, మోరిల వోతె గల్లీకన్న అక్కరకొస్తది. చెప్పుకుంటె ఏమున్నది బిడ్డా, రేపటికెల్లి మందే గంపలు వట్టుకొని మోరిల దిగుతరు, ఏరుకునేటంత ఏరుకొని బురద ఆడనే వెడతరు. మట్టి కడిగేటోళ్ళకు అదే బతుకు, ఆళ్ళు సాఫు జేస్తరు." తర్వాత లోపలివైపు చూసి గొంతు తగ్గించాడు. "మీ అత్తకు చెప్పకు. నాకు సోయి దప్పిందనుకుంటుంది. అనుకోనీ."

ఆ సాయంత్రం ఆయన వచ్చాడు. నేను గడప ముందు నీళ్ళు చల్లి నిలబడ్డాను. నాలుగుసార్లు దులిపాడు, నా చంకలో పిల్ల చేతులు చాపి ఆ గుడ్డ పట్టుకోబోయింది. ఆయన పోయాకే ఇంట్లోకి వచ్చి దీపం పెట్టాను. ఆ గల్లీలో ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో దీపం వేళ అదే. మా అవ్వ ఒకసారి వచ్చి, చీకటి పడుతున్నా దీపం ముట్టించవేమిటని కసిరితే, "జర ఆగవ్వా, లక్ష్మి వచ్చే యాళ్లయింది" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. నేనూ చెప్పలేదు.

అట్లా ఏళ్ళు గడిచాయి. పిల్ల పెద్దదయ్యి పరికిణీ వేసింది, దాని తర్వాత ఇంకో పిల్ల పుట్టింది. ఖాలా మేకలు మారాయి, అంగీలు మారలేదు. ఎంత ముసురు పట్టినా మోరి మా గడప ఎక్కలేదు. ఎనభైల చివరికొచ్చేసరికి మామ కండ్లకు పొర కమ్మింది. ఆపరేషన్ చేయించినా ముందులా రాలేదు. మొదట నెమళ్ళు మానుకున్నాడు, తర్వాత భరిణెలు, తర్వాత కుంపటి చల్లారింది. కానీ పొద్దుగూకేసరికి గుడ్డ నాలుగు కొసలూ పట్టుకుని, చెయ్యి గోడకు ఆన్చుకుంటూ మోరి వెంట నడక మాత్రం మానలేదు. అత్త తిట్లూ మానలేదు. నాకు భయం మొదలైంది. పని లేదు, రజను లేదు, ఉత్త గుడ్డ దులుపుతున్నాడు, ఈ వానాకాలం మట్టి కడిగేటోళ్ళు రారు అనుకున్నాను. వచ్చారు. ఆ పై వానాకాలమూ వచ్చారు, మా తూము దాకా ఎత్తి పోయారు. మోరి దగ్గరికి పోయి వంగి చూస్తే, బురదలో సన్నగా తళుకు ఉండనే ఉంది. ఎక్కడిదో నాకు అంతు చిక్కలేదు.

ఒక మధ్యాహ్నం పాలలోకి తోడు లేక చిన్న గిన్నె పట్టుకుని వాళ్ళింటికి పోయాను. మామ అరుగు మీద కునుకుతున్నాడు. లోపలినుంచి ఆకురాయి చప్పుడు, గరగరమని. పని మానేసిన ఇంట్లో ఈ చప్పుడేంటని తలుపు నెట్టాను. అత్త నేల మీద కూర్చుని ఉంది. కుడికాలు చాపి, పాదం కింద మామ ఒడి గుడ్డ పరుచుకుని, కాలికున్న కడియాన్ని ఆకురాయితో రాస్తోంది. తెల్లటి పొడి గుడ్డ మీద రాలుతోంది.

నన్ను చూసి చెయ్యి ఆపింది గానీ కంగారుపడలేదు. "తలుపు దగ్గరికెయ్యి" అంది. వేశాను.

"అత్తా, నీకు తెలుసా?" అన్నాను.

"నలభై ఏండ్లు కాపురం జేస్తి, తెల్వదా?"

"మరి గన్ని తిట్లు?"

"తిట్టకపోతె మంది ఊకుంటరా? తెలిసే జేస్తుండని పసిగడ్తరు. పిచ్చోడు పారవోస్తుండనుకుంటె ఎవ్వడూ వంగి చూడడు." కాలు కొద్దిగా తిప్పుకుని మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. "ఆయనకు చెప్పకు. గుడ్డ పోగులల్ల పాత రజను ఇంక ఉన్నదనుకుంటుండు. అనుకోనీ."

తోడు సంగతి మరిచిపోయి ఖాళీ గిన్నెతో ఇంటికొచ్చాను. చెప్పకు, అనుకోనీ అని పదిహేనేళ్ళ కింద మామ అన్న మాటే. ఇద్దరికీ చెప్పనని మాటిచ్చాను. రెండు వైపులా ఒకటే రహస్యం మోయడం నా నోటికి ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుస్తుంది. కానీ మోశాను. ఆ తర్వాత కొద్ది రోజులకే మామ మా గడప ముందు గుడ్డ దులిపి, పోకుండా నిలబడ్డాడు. వేళ్ళ కొసలను ఒకదానికొకటి రుద్దుకుంటూ, "గీ నడుమ రజను ముతకగ వస్తుంది బిడ్డా. నా చెయ్యి గిట్ల రాయదు" అన్నాడు. ఆయన నవ్వాడు. "నువ్వేం చెప్పకు" అని గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు. వెనకనుంచి అత్త తిట్లు మొదలయ్యాయి. ఆయన ఎప్పటిలాగే వింటూ పోయాడు.

తొంభై రెండులో మామ పోయాడు. నెల తిరక్కుండానే పెద్దపల్లి నుంచి వాళ్ళ బిడ్డ వచ్చి అత్తను తీసుకుపోయింది. గల్లీ అంతా గల్లీ తల దగ్గర నిలబడ్డాం. తన కలం బలం చూపించడానికి ఇంకా ఓపిక ఉన్న అర్జీల సారు, మేకను పట్టుకుని ఖాలా, కాలేజీకి పోయే నా పెద్ద పిల్ల. అత్త కాళ్ళ మెట్టెలు తీసేశారు, కడియాలు మాత్రం రాలేదు. ఏనాడో కాలికి బిగించినవి. రిక్షా ఎక్కుతూ చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుంటే చూశాను. ఎడమ కాలికున్నది బొటనవేలంత లావు అలాగే ఉంది. అటువైపు వంగితే నడుము సహకరించదని అటు ముట్టుకోలేదట. కుడి కాలిది దబ్బనమంత సన్నమై, ఇంకొన్నాళ్ళు రాస్తే తెగిపోయేలా ఉంది. నేను చూడటం అత్త చూసింది. "నడిస్తె కొట్టుకొని అరిగింది బిడ్డా" అంది, అందరికీ వినబడేలా.

ఆ తర్వాత ఏడాదికి మేమూ ఆ గల్లీ వదిలేశాం. తర్వాతెప్పుడో మోరి మీద బండలు పరిచారని విన్నాను. నా పెద్ద పిల్లకు ఇప్పుడు యాభై దగ్గర పడుతున్నాయి, నాలాగే నోరు ఎక్కువ. మేము ఆ పల్లంలో ఎన్నేళ్ళు ఉన్నామని ఎవరన్నా అడిగితే మా ఆయన వేళ్ళు మడిచి లెక్కపెడతాడు. నాకు మాత్రం రిక్షా మెట్టు మీద పెట్టిన ఆ రెండు కాళ్ళే కనిపిస్తాయి. మామ చెయ్యి ఆగిపోయాక కూడా మా ఇల్లు తడవకుండా ఉన్న కాలం ఎంతో, ఆ రెండు కడియాల మధ్య తేడా అంత.